పద్దెనిమిదికీ అరవైకీ మధ్య

వసతి గృహానికి ఉన్నది ఒకే ఒక్క వ్యాను. అందులో ఎవరెక్కాలో, ఎవరెక్కకూడదో చెప్పే కాగితాలు మాత్రం మూడు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని పొద్దున్న ఏడున్నరకి బడికి తీసుకెళ్తుంది. అరవై నిండినవాళ్ళని తొమ్మిదిన్నరకి ఆస్పత్రికి తీసుకెళ్తుంది. మూడో కాగితం, రోజూ గోడకి అంటించే పేర్ల జాబితా. మధ్యలో ఉన్నవాళ్ళ సంగతి ఆ మూడు కాగితాల్లో ఎక్కడా లేదు. ఇల్లు పోయినవాడికి రెక్కలు మొలుస్తాయనుకున్నారో ఏమో గానీ, పద్దెనిమిదికీ అరవైకీ మధ్య మనిషికి ఎక్కడికీ వెళ్ళే పనుండదని ఆఫీసువాళ్ళు తేల్చేశారు.

ఆ కాగితాల మీద అందరికంటే ఎక్కువ మండిపడేవాడు టైంకీపరు. ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటుంది గానీ దాంతో పిలిచేవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళు బస్టాండులో ఒక చెక్క గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికొచ్చిందో, ఎన్నింటికి కదిలిందో రాసిన మనిషి. రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లు టైముకే వచ్చినట్టు వెయ్యమని బతిమాలేవాళ్ళు, టీ తెచ్చి పెట్టేవాళ్ళు, చివరికి బెదిరించేవాళ్ళు. ఆయన ససేమిరా అనేవాడు. "రెండు నిమిషాలు నీ అబ్బ సొమ్మా?" అని ఒకడడిగితే, "మా అబ్బ సొమ్మయితే ఇచ్చేసేవాణ్ణి" అన్నాడట. తర్వాత ఖర్చు తగ్గించుకుంటామని ఆ ఉద్యోగమే ఎత్తేశారు. దాంతో పాటు క్వార్టరు పోయింది. అద్దెకి తీసుకున్న ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. అలా ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ ఊరి చివర గోడౌన్ల మధ్యనున్న ఈ వసతి గృహంలో, వరసగా మూడు మంచాల దగ్గర ఆగాడు. ఒక మంచం ఎనభై ఒక్కేళ్ళ తల్లిది. ఇంకోటి లేకలేక పుట్టిన కూతురిది. మధ్యది ఆయనది. భార్య ఇల్లు పోకముందే పోయింది, అదృష్టవంతురాలని కోపమొచ్చినప్పుడల్లా అనుకుంటాడు.

ఆయనకి యాభై తొమ్మిది. వీధిలో కనబడ్డ ప్రతివాడూ "పెద్దాయనా" అంటాడు. ఎక్కడైనా క్యూలో నిలబడితే ముందుకి పొమ్మంటారు. ఒక్క ఆఫీసువాళ్ళ లెక్కలోనే ఆయన నవయువకుడు. అందుకే పార్శిలు గోడౌనులో పనికి రోజూ నడిచే వెళ్తాడు, నడిచే వస్తాడు.

సరే, ఆయన సంగతి అలా ఉంచండి. ఆ వారం కూతురికి పరీక్షలు. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, గురువారం లెక్కలు. మూడూ గట్టెక్కితే నర్సు ట్రైనింగులో సీటు వస్తుంది, సీటుతో పాటు హాస్టల్లో గది. తలుపున్న గది, లోపలివైపు గడియున్న తలుపు. ఒక్క పేపరు తప్పినా మళ్ళీ ఏడాదికే. ముప్ఫై మంది దగ్గుల మధ్య, పసిపిల్లల ఏడుపుల మధ్య ఇంకో ఏడాది చదవడం తనవల్ల కాదని ఆ పిల్ల తండ్రితో ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పే రకం కాదు.

సోమవారం వ్యానులోనే వెళ్ళింది. మంగళవారమూ వెళ్ళింది. పరీక్ష రాసే కాలేజీ చిన్నపిల్లల బడికి పోయే దారిలోనే, రోడ్డు మీదే ఉంది. గేటు ముందు దింపేసేవాడు డ్రైవరు. అయితే ఆ మంగళవారం పిల్లకి పద్దెనిమిది నిండాయి. నానమ్మ నుదుటి మీద ముద్దు పెట్టింది, తండ్రి పెన్ను కొనిచ్చాడు, పెద్దాఫీసులో కంప్యూటరు జాబితాలోంచి పేరు తీసేసింది.

బుధవారం సాయంత్రం గోడకి అంటించిన జాబితాలో కూతురి పేరు లేకపోవడం చూసి టైంకీపరు వార్డెనమ్మ గదికి పరిగెత్తాడు. వార్డెనమ్మ మంచి మనిషే. మంచి మనిషి కాబట్టి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తనేమీ చెయ్యలేనని చెప్పింది. జాబితా తన చేతిలోది కాదట. పైఆఫీసరు సంతకం పెడితే పేరు మళ్ళీ ఎక్కుతుందట. ఆయన సెలవులో ఉన్నాడట, సోమవారం వస్తాడట. పరీక్ష రేపు అని ఈయన నాలుగుసార్లు చెప్పాడు, తనకి తెలుసని ఆవిడా నాలుగుసార్లు చెప్పింది.

అక్కణ్ణుంచి డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు. రేపు వ్యానులో ఎన్ని సీట్లు ఖాళీ అని అడిగితే మూడన్నాడు. ఆ కాలేజీ ముందునుంచే పోతావా అంటే పోతానన్నాడు. మరింకేం అంటే, వ్యాను లోపలున్న కెమెరా చూపించాడు. జాబితాలో లేని మనిషి ఎక్కితే పైన ఆఫీసులో తెలుస్తుంది. ఇంతకుముందున్న డ్రైవరు ఒక బాలింతని ఎక్కించుకున్నందుకే ఇంటికి పోయాడు. తనకీ ఇద్దరు పిల్లలున్నారని చెప్పి మొహం పక్కకి తిప్పుకున్నాడు. టైంకీపరుకి వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, అది ఇంకా చిరాకు పెట్టింది. ఎవరి మీద అరవాలో తెలిస్తే సగం బాధ తీరేది.

మంచం దగ్గరికొచ్చి గొణుక్కుంటూ కూర్చుంటే తల్లి దుప్పట్లోంచి తల బయటపెట్టింది. ఆవిడకి ఆయాసం జబ్బు. నెలకి రెండుసార్లు ఆ కాలేజీ పక్కనున్న ఆస్పత్రికే వ్యానులో వెళ్ళొస్తుంది. కాళ్ళు ఎప్పుడో చెప్పిన మాట వినడం మానేశాయి గానీ బుర్ర మాత్రం పాదరసం.

"ఒరేయ్, పొద్దున్న నాకు గుండెల్లో నొప్పొస్తుంది" అంది.

ఆయన కంగారుగా లేచాడు. ఆవిడ కూర్చోమంది. ఇప్పుడు రాదు, ఏడింటికొస్తుంది అంది. ముసలివాళ్ళ కాగితంలో ఒక రూలుందట. అరవై దాటినవాళ్ళకి ఉన్నట్టుండి బాగోలేకపోతే వ్యాను ఏ పని మీద పోతున్నా సరే, వాళ్ళనీ వాళ్ళకి తోడుగా ఒక పెద్దమనిషినీ ఎక్కించుకోవలసిందే. పెద్దమనిషంటే పద్దెనిమిది నిండి ఉండాలి. మొన్నటిదాకా పిల్లకి ఆ అర్హత లేదు. ఇప్పుడు పద్దెనిమిది నిండాయి కాబట్టి పిల్లల సీటుకి పనికిరాదు, అదే పద్దెనిమిది నిండాయి కాబట్టి తోడు సీటుకి పనికొస్తుంది. వ్యాను అదే, సీటూ అదే, పిల్లా అదే.

టైంకీపరు నిప్పులు చెరిగాడు. లేని జబ్బు ఉందని చెప్పి వ్యాను ఎక్కడమా? రేపు నిజంగా ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నమ్ముతారా? ఇరవై రెండేళ్ళలో రిజిస్టర్లో ఒక్క అబద్ధం రాయనివాణ్ణి, ఇప్పుడు కన్నకూతురికి అబద్ధం నేర్పాలా? అయినా అంత ఖర్మ ఏం పట్టింది, ఆరూ యాభై బస్సు లేదా? వసతి గృహం గేటు ఆరున్నరకి తీస్తారు. మలుపు దగ్గర స్టాపుకి పది నిమిషాల నడక. ఆరూ యాభైకి ఎక్కితే బస్టాండు ఏడూ ముప్ఫై అయిదు, అక్కడ బస్సు మారితే ఎనిమిదీ పదిహేనుకి కాలేజీ. తొమ్మిదింటి పరీక్షకి ముప్పావుగంట ముందు. ఆ బస్సు టైము తన చేత్తో ఎన్ని వేలసార్లు రాశాడో.

కూతురు పుస్తకంలోంచి తలెత్తి, ఆ బస్సు ఇప్పటికీ నడుస్తోందా అని అడిగింది. ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. వార్డెనమ్మ ఫోను తీసుకుని డిపోకి చేశాడు. ఒకప్పుడు తన కింద పనిచేసినవాడే అక్కడ ఉన్నాడు. వాడు రిజిస్టరు తిరగేసి, ఆరూ యాభై రోజూ నడుస్తోంది సార్, ఒక్క రోజు కూడా తప్పలేదు, అన్నీ రైట్ టైమే అన్నాడు. టైంకీపరు ఫోను పెట్టేసి తల్లి వంక చూసిన చూపులో ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఉంది. రిజిస్టర్లో ఉందంటే ఉన్నట్టే. ఆవిడ నీ ఇష్టం అని దుప్పటి కప్పేసుకుంది.

గురువారం ఆరున్నరకి గేటు తీయగానే తండ్రీ కూతురూ బయటపడ్డారు. ఆరూ నలభైకల్లా స్టాపులో ఉన్నారు. చుట్టూ గోడౌన్ల ఇనుప షట్టర్లు, రోడ్డు పక్కన లారీలు, ఒక్క మనిషి లేడు. మనిషి లేకపోవడం ఆయనకి మంచి శకునంలాగే తోచింది, సీటు దొరుకుతుందనుకున్నాడు. ఆరూ యాభై అయింది. ఆరూ యాభై అయిదయింది. అయిదు నిమిషాలు ఆలస్యం సహజమేనని కూతురికి చెప్పాడు. ఏడయింది. ఏ డ్రైవరో వీడు, నా రోజుల్లో అయితే సంజాయిషీ అడిగేవాణ్ణి అన్నాడు. ఏడూ ఐదుకి కూతురు హాల్ టికెట్టు తీసి చూసుకుని మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఆ పిల్ల ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఏడూ పదికి పాల క్యాన్లు వేసుకుని ఒకతను మోపెడ్ మీద వచ్చాడు. వీళ్ళిద్దర్నీ వింతగా చూసి బండాపాడు. ఈ స్టాపుకి బస్సొచ్చి నాలుగు నెలలయిందన్నాడు. అటు ఆరు కిలోమీటర్ల అవతల ఫ్లైఓవరు కిందే తిప్పుకుని వెళ్ళిపోతున్నారట. ఇక్కడిదాకా వచ్చినట్టు కాగితం మీద రాసుకుంటారట. అడిగేవాడెవడున్నాడు, వెనక టైంకీపర్లని ఉండేవాళ్ళు, వాళ్ళని తీసేశారుగా అన్నాడు.

టైంకీపరుకి అప్పుడర్థమైంది. రిజిస్టర్లో ఉన్నదంతా నిజమెందుకయిందంటే, రాసే చోట తను కూర్చున్నాడు కాబట్టి. తను లేచిపోయాక కూడా అది నిజమే చెప్తుందని నమ్మిన వెధవ ఈ ఊరు మొత్తం మీద తనొక్కడే. పిల్ల పాలతని మోపెడ్ వైపు చూసింది. ముందూ వెనకా క్యాన్లే, పిల్లి కూడా కూర్చోలేదు. ఫ్లైఓవరుదాకా నడిస్తేనే ఎనిమిదిన్నర అవుతుంది. అక్కణ్ణుంచి బస్సెక్కి కాలేజీకి చేరేసరికి పేపరు సగం అయిపోతుంది.

ఇద్దరూ వెనక్కి పరిగెత్తారు. పద్దెనిమిదేళ్ళది ముందు, యాభై తొమ్మిదేళ్ళవాడు వెనక. వాళ్ళు గేట్లోకొచ్చేసరికి ఏడూ ఇరవై. వ్యానులో పిల్లలు ఎక్కి కూర్చున్నారు. వరండా బల్ల మీద ముసలావిడ గుండె పట్టుకుని, కళ్ళు తేలేసి, పక్కవాళ్ళంతా విసురుతుంటే మూలుగుతోంది. కొడుకు అడుగుల చప్పుడు వినగానే ఒక కన్ను తెరిచి గోడగడియారం చూసి మళ్ళీ మూసుకుంది.

వార్డెనమ్మ చేతిలో ఒక ఫారముంది. ఆవిడకి అర్థమైందో లేదో మొహం చూస్తే తెలియలేదు. తెలియనివ్వకూడదని ఆవిడ గట్టిగానే ప్రయత్నిస్తోంది. డ్రైవరు మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టి అటే చూస్తున్నాడు, నిన్న సాయంత్రం తర్వాత మొదటిసారి వాడి మొహంలో ఊపిరాడుతున్నట్టుంది. పేరు, వయసు, తోడు వెళ్ళే మనిషి పేరు అన్నీ వార్డెనమ్మే నింపింది. ఒక్క గడి ఖాళీ ఉంది.

"బాబాయ్ గారూ, నొప్పి ఎన్నింటికి మొదలైందో ఇంట్లోవాళ్ళే రాసి సంతకం పెట్టాలి. ఎన్నింటికి?" అంది.

ఆయన పెన్ను పట్టుకున్నాడు. వ్యాను ఇంజను మోగుతోంది. అవతల వ్యాను మెట్టు మీద ఒక కాలు వేసి కూతురు నిలబడి ఉంది, లోపలికి వెళ్ళనూ లేదు, దిగనూ లేదు. ఆ పిల్ల తన వంక చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో ఆయనకి తెలుస్తూనే ఉంది. ఆయనకి వెన్నతో పెట్టిన విద్య, ఒక అంకె వెయ్యడం. డ్రైవర్ల టీలకి లొంగలేదు, బెదిరింపులకి లొంగలేదు. ఆఫీసువాళ్ళు మాత్రం ఎంత తేలిగ్గా లొంగదీశారు! ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలోనే ఏడూ అయిదు అని రాసి, సంతకం గీకి, ఫారం బల్ల మీద పడేశాడు.

ముసలావిణ్ణి ఇద్దరు ఎత్తి వ్యానులో కూర్చోబెట్టారు. మనవరాలు పక్కన కూర్చుంది, సోమవారం కూర్చున్న సీట్లోనే. తోడు ఒక్కరికే కాబట్టి తలుపు ఆయన మొహం మీదే మూసుకుంది. ఇంకా ఒక సీటు ఖాళీగానే ఉంది. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, ఆయన ఇక చేసేది లేక నడక మొదలుపెట్టాడు. గోడౌనులో ఆ రోజు పని పోయినట్టే.

ఆరు కిలోమీటర్లూ ఆయన తిట్టుకుంటూనే నడిచాడు. కంప్యూటర్ని తిట్టాడు, సెలవులో ఉన్న ఆఫీసర్ని తిట్టాడు, రైట్ టైము అన్నవాణ్ణి తిట్టాడు. ఎవరూ మిగలకపోతే తనని తిట్టుకున్నాడు. ఫ్లైఓవరు కింద ఆ రూటు బస్సు ఆపుకుని డ్రైవరు టీ తాగుతున్నాడు. మలుపు దాకా ఎందుకు రావని అడిగితే, అక్కడ ఎక్కేవాళ్ళెవరున్నారు పెద్దాయనా అన్నాడు. ఎక్కేవాళ్ళు ఇద్దరు ఇవాళ నిలబడ్డారని చెప్పాలనుకున్నాడు. చెప్తే బస్సు కదలడం ఇంకా ఆలస్యమవుతుందని నోరు మూసుకుని ఎక్కాడు.

ఆస్పత్రికి చేరేసరికి పదీ ఇరవై. దారి పొడుగునా ఒకటే ఆలోచన. రోగిని డాక్టరు చూసేదాకా తోడొచ్చిన మనిషి కదలకూడదని అంటారు. పిల్ల అక్కడే ఇరుక్కుపోయి ఉంటే? రాసిన అబద్ధమూ పోయి, పరీక్షా పోయి ఉంటే? వరండా అంతా వెతికాడు. చివర బల్ల మీద తల్లి ఒక్కతే కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన కూతురు లేదు.

నర్సు పరుగున వచ్చి ఆయన్ని దులిపేసింది. ఈ వయసు మనిషిని ఒంటరిగా వదిలేసి ఎక్కడ తిరుగుతున్నావు, గేటు దగ్గరున్న గడ్డపాయన్ని చూపించి నువ్వేనని మీ అమ్మ చెప్తే నమ్మి ఆ అమ్మాయిని పంపేశాను, తీరా చూస్తే ఆ గడ్డపాయన ఎవరో, ఎవరి తాలూకో అంది. టైంకీపరు చేతులు జోడించాడు. తొమ్మిదికి పది నిమిషాల ముందే పిల్ల పరీక్షకి వెళ్ళిపోయిందని తెలిశాక ఆవిడ ఇంకో గంట తిట్టినా ఆయనకి అభ్యంతరం లేదు.

నర్సు ఆయన చేతిలో రెండు కాగితాలు పెట్టింది. ఒకటి డాక్టరు రాసింది, గుండెకి ఏమీ లేదు, ఆయాసం పాతదే, జాగ్రత్తగా ఉండాలి. రెండోది వ్యానువాళ్ళది, రబ్బరు స్టాంపు వేసి ఉంది. అలవాటు కొద్దీ ఆయన పైనుంచి కింద దాకా చదివాడు. ఉన్నట్టుండి బాగోలేనప్పుడు వ్యాను మనిషికి ఆరు నెలలకి ఒక్కసారే. ఈవిడకి ఇవాళ్టితో అయిపోయింది. కింద, మళ్ళీ ఎప్పుడు వాడుకోవచ్చో తేదీ వేసి ఉంది. తిరుగు ప్రయాణం ఎవరిది వాళ్ళే చూసుకోవాలి.

ఆయన ఆ తేదీ మళ్ళీ చదివాడు. ముసలివాళ్ళ కాగితం తనకి వర్తించదని తను ఎన్నడూ చదవలేదు. పోయిన చలికాలంలో తెల్లవారుజామున తల్లికి ఊపిరందక పెదాలు నల్లబడితే ఆ వ్యానే తీసుకొచ్చింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని అప్పుడు డాక్టరన్నాడు.

"నీకు తెలుసా ఈ సంగతి?" అన్నాడు.

తెలుసంది. పక్క మంచం ఆవిడ చేత ఆ కాగితమంతా చదివించుకుందట, రెండుసార్లు.

"తెలిసీ ఎలా వాడేశావమ్మా? ఈ ఆరు నెలల్లో నీకు మళ్ళీ ఆయాసమొస్తే నేనేం చెయ్యను? భుజానేసుకుని ఆరు కిలోమీటర్లు పరిగెత్తనా?"

అరుపుకి వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. ఆవిడ మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. వాడి చెప్పుల్లోంచి మడమ నెత్తురోడుతుంటే కొంగుతో అద్దింది.

"ఆరు నెలలెందుకురా? ఇంకో నాలుగు నెలలకి నీకు అరవై నిండుతాయి. అప్పుడు నాకొస్తే, నీకొచ్చిందని రాయి. నీకు తోడుగా నేనెక్కుతా."

ఆయనకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆయనకే తెలియలేదు.

"మరి ఈ నాలుగు నెలలు?" అన్నాడు.

"ఊపిరి బిగబట్టుకుంటాలే" అందావిడ.